మసక ఫోల్డర్లు కనిపించాయని ఫార్మాట్ కొట్టిస్తారా?

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాను. ఎవరికి వారు వేరే సమస్య అనుకుని రాశారు గానీ అన్నీ కలిపి చూస్తే గోల ఒకటే: కంప్యూటర్లో మనం పెట్టనిది ఏదో కనిపించింది, అది వైరసా కాదా, తీసేయాలా వద్దా. అందుకని ఈ నెల పేజీలన్నీ దానికే.

ప్రశ్న: సార్, నేను కర్నూలులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మార్కుల ఫైలు కనిపించడం లేదంటే మా మేనల్లుడు వచ్చి సెట్టింగుల్లో ఒకచోట టిక్ పెట్టి, ఇంకోచోట టిక్ తీశాడు. ఫైలు దొరకలేదు గానీ అప్పటినుంచి సీ డ్రైవ్ నిండా లేత రంగులో ఏవేవో ఫోల్డర్లు. డాలర్ గుర్తుతో రీసైకిల్ బిన్, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్, ప్రోగ్రామ్‌డేటా, రికవరీ... డెస్క్‌టాప్ మీద 'డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ' అని ఒకే పేరుతో రెండు ఫైళ్లు. ఆ ఫోల్డర్లలో ఒకటి తెరవబోతే 'యాక్సెస్ డినైడ్' అంటుంది. షాపులో అడిగితే అన్నీ వైరస్‌లే, ఫార్మాట్ కొట్టాలి, వెయ్యి రూపాయలవుతుంది అన్నారు. కొట్టించమంటారా?

జవాబు: వద్దు టీచర్ గారూ, ఆ వెయ్యీ మీ దగ్గరే ఉంచుకోండి. మీరు రాసిన వాటిలో ఒక్కటి కూడా వైరస్ కాదు. అవన్నీ మీ కంప్యూటర్ కొన్న రోజు నుంచీ అక్కడే ఉన్నాయి, ఇన్నాళ్లూ విండోస్ వాటిని మీ కంట పడనీయలేదు, మీ మేనల్లుడు ఆ తెర తీశాడు, అంతే.

విండోస్‌లో దాపరికం రెండు అంచెలుగా ఉంటుంది. మొదటిది మామూలు 'హిడెన్'. వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ దగ్గర టిక్ పెడితే ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా లాంటివి లేత రంగులో కనిపిస్తాయి. రెండోది ఫోల్డర్ ఆప్షన్స్ లోపల 'ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దాచు అనే టిక్. అది తీయబోతే విండోస్ ఒక హెచ్చరిక కూడా చూపిస్తుంది, చాలామంది చదవకుండానే ఎస్ కొట్టేస్తారు. మీ మేనల్లుడూ అదే చేసి ఉంటాడు. ఎందుకంటే ఆ డెస్క్‌టాప్ ఐఎన్ఐ ఫైళ్లు ఆ రెండో టిక్ తీస్తే గానీ బయటికి రావు.

ఆ ఫైలులో ఉండేది నాలుగు ముక్కలు: ఈ ఫోల్డర్‌కు ఏ ఐకాన్ వేయాలి, ఏ పేరు చూపించాలి లాంటివి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, మీకే తెలుస్తుంది. రెండెందుకు ఉన్నాయంటే, మీకు కనిపించే డెస్క్‌టాప్ నిజానికి రెండు ఫోల్డర్లు కలిసినది, ఒకటి మీ సొంత ఖాతాది, ఇంకొకటి ఆ కంప్యూటర్ వాడే అందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్‌ది. దేని ఫైలు దానిది.

డాలర్ గుర్తున్న రీసైకిల్ బిన్ మీ చెత్తబుట్టే, ప్రతి డ్రైవ్‌కూ ఒకటి ఉంటుంది. దాని లోపల ఎస్-1-5-21 అని మొదలై బారెడు అంకెలతో ఫోల్డర్లు ఉంటాయి, వాటిని చూసి చాలామంది బెదిరిపోతారు గానీ అవి ఆ కంప్యూటర్లోని ఒక్కొక్క ఖాతాకు విండోస్ ఇచ్చిన నంబర్లు. మీరు ఒక ఫైలు డిలీట్ చేస్తే అక్కడ రెండవుతుంది: డాలర్-ఆర్‌తో మొదలయ్యేదాంట్లో అసలు సరుకు, డాలర్-ఐతో మొదలయ్యే చిన్నదాంట్లో అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు తీసేశారు అన్న వివరం. 'రీస్టోర్' నొక్కితే సరిగ్గా పాత చోటికే ఎలా వెళ్తుందా అని ఎప్పుడైనా అనుకున్నారేమో, ఇదే దాని గుట్టు.

సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్‌లో రీస్టోర్ పాయింట్లు ఉంటాయి. ఏదైనా అప్‌డేట్ బెడిసికొడితే వెనక్కి వెళ్లేది వాటితోనే. దాంట్లోకి వెళ్లే అనుమతి సిస్టమ్ ఖాతాకే ఉంది, మీకు లేదు, అడ్మిన్ అయినా సరే. యాక్సెస్ డినైడ్ అనడం కరెంటు మీటరుకు సీలు వేయడం లాంటిది, లోపల దొంగ ఉన్నాడని కాదు. 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' అనే మసక ఫోల్డర్ కూడా ఇంతే, బాణం గుర్తు కూడా ఉంటుంది దానికి. అది విండోస్ ఎక్స్‌పీ కాలం నాటి పాత చిరునామా. దాని కోసం వెతికే పాత ప్రోగ్రాములను ఇప్పటి యూజర్స్ ఫోల్డర్‌కు మళ్లించడానికి పెట్టారు. మనం లోపలికి పోవాల్సిన పనే లేదు.

ఒక్క యాప్‌డేటా విషయంలో మాత్రం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. మీ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, ఇంకా చాలా ప్రోగ్రాముల సెట్టింగులు అక్కడే ఉంటాయి, 'ఇదెవరు పెట్టారో' అని తీసేస్తే అవన్నీ పోతాయి. అదే సమయంలో అసలు వైరస్‌లకు కూడా ఇష్టమైన చోటు అదే, ఎందుకంటే అక్కడ ఫైలు పెట్టడానికి అడ్మిన్ అనుమతి అక్కర్లేదు. కాబట్టి ఫోల్డర్ మంచిదే, అందులో పేరూ ఊరూ లేని ఈఎక్స్‌ఈ (క్లిక్ చేస్తే నడిచే ప్రోగ్రామ్ ఫైలు) ఏదైనా దూరి ఉంటే అప్పుడు అనుమానించాలి. ఆ పని కంటితో కాదు, స్కాన్‌తో చేయించండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఫోల్డర్ ఆప్షన్స్‌కు వెళ్లి వ్యూ ట్యాబ్‌లో 'రీస్టోర్ డిఫాల్ట్స్' నొక్కండి. అంతా మాయమవుతుంది. మనసు కుదుటపడాలంటే విండోస్‌లోనే ఉన్న యాంటీవైరస్ డిఫెండర్‌తో ఒకసారి ఫుల్ స్కాన్ పెట్టి భోజనానికి వెళ్లండి. ఇక మార్కుల ఫైలు: ఎక్సెల్ తెరిచి, ఓపెన్‌లో రీసెంట్ జాబితా చూడండి, ఫైలు పేరు కింద అది ఏ ఫోల్డర్లో ఉందో రాసి ఉంటుంది. చాలాసార్లు డౌన్‌లోడ్స్‌లోనో, వన్‌డ్రైవ్‌లోనో తేలుతుంది. వెతికేటప్పుడు ~$ గుర్తులతో మొదలయ్యే చిన్న మసక ఫైలు కనిపిస్తే దాన్ని మార్కుల ఫైలు అనుకోకండి. ఎక్సెల్, వర్డ్ ఒక ఫైలు తెరిచినంతసేపు 'ఇది వాడుకలో ఉంది' అని పక్కన పెట్టుకునే గుర్తు అది, మూసేస్తే పోతుంది.

ప్రశ్న: అయ్యా, మాది ప్రొద్దుటూరులో బట్టల హోల్‌సేల్. లెక్కల కంప్యూటర్లో సీ డ్రైవ్ ఎర్రగా మారింది. మా అబ్బాయి వెతికితే పేజ్‌ఫైల్ డాట్ సిస్, హైబర్‌ఫిల్ డాట్ సిస్ అని రెండు పెద్ద ఫైళ్లు జీబీలకు జీబీలు తినేస్తున్నాయి. డిలీట్ అంటే కావడం లేదు. డిలీట్ కానివ్వడం లేదంటే వైరసే కదా?

జవాబు: కాదండీ, డిలీట్ కావడం లేదంటే విండోస్ ఆ నిమిషంలో దాన్ని వాడుకుంటోందని అర్థం. పేజ్‌ఫైల్ అంటే ర్యామ్ చాలనప్పుడు విండోస్ హార్డ్‌డిస్కులో వాడుకునే అదనపు చోటు. దాన్ని అలాగే వదిలేయండి. ర్యామ్ తక్కువున్న కంప్యూటర్లో అది లేకపోతే బిల్లు కొడుతుండగానే ప్రోగ్రాములు మూతపడతాయి, పండగ సీజన్లో ఆ తలనొప్పి మీకెందుకు.

హైబర్‌ఫిల్ వేరు. హైబర్నేట్ (చేస్తున్న పనిని డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపడం) చేసినప్పుడు ర్యామ్‌లో ఉన్నదాన్ని దాచే ఫైలు ఇది, మామూలుగా ర్యామ్‌లో 40 శాతం దాకా ఉంటుంది, అంటే 8 జీబీ ర్యామ్ ఉంటే 3 జీబీ పైచిలుకు. మీది డెస్క్‌టాప్ అయి, హైబర్నేట్ వాడకపోతే దీన్ని తీసేయొచ్చు, కానీ డిలీట్ బటన్‌తో కాదు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆఫ్ అని ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కితే తనే చెరిపేసుకుంటుంది. ఫాస్ట్ స్టార్టప్ కూడా దాంతో పోతుంది, పొద్దున ఆన్ కావడానికి కాస్త ఆలస్యం అవ్వొచ్చు.

అయినా 3 జీబీతో మీ ఎరుపు తీరదు. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ తెరిచి చూడండి. అక్కడ 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' అని ఉంటే అది విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్, కొత్త వెర్షన్‌కు మారినప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి ఉంచుతుంది, పది జీబీలు దాటడం మామూలే. పది రోజులకు విండోస్ తనంతట తానే తీసేస్తుంది, తీయకపోతే అక్కడి నుంచి మీరే తీసేయొచ్చు. ముందు మాత్రం ట్యాలీ డేటాను వేరే డిస్కులోకి ఒక కాపీ వేసుకోండి. ఇది చోటు కోసం చెప్పడం లేదు, లెక్కలన్నీ ఒకే కంప్యూటర్లో ఉన్నాయని మీ ఉత్తరం చదువుతుంటే నాకు టెన్షన్ వచ్చింది.

ప్రశ్న: అన్నా, అనంతపురంలో కాలేజీల దగ్గర నాకు జిరాక్స్ షాపు ఉంది. పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటుకు పెన్‌డ్రైవ్‌లు తెస్తారు. నా సిస్టమ్‌కు పెట్టి తీసిన తర్వాత వాళ్ల ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారుతున్నాయి, నాతో గొడవ పడుతున్నారు. ప్రతి పెన్‌డ్రైవ్‌లోనూ సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్ ఉంది, అదే వైరస్ అనుకుని తీసేస్తున్నా, మళ్లీ వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: తమ్ముడూ, నువ్వు తీసేస్తున్నది అమాయకుడిని, అసలువాడు నీ సిస్టమ్‌లోనే కూర్చున్నాడు. పెన్‌డ్రైవ్‌లో ఆ ఫోల్డర్‌ను విండోస్ 8 నుంచి విండోసే తయారుచేస్తుంది. లోపల ఇండెక్సర్ వాల్యూమ్ గుయిడ్, డబ్ల్యూపీ సెట్టింగ్స్ అని బుల్లి ఫైళ్లు రెండు ఉంటాయి, కొన్ని బైట్లు. తీసేసినా మళ్లీ పెట్టగానే మళ్లీ వస్తుంది, వచ్చినా నష్టం లేదు. అందులో ఈఎక్స్‌ఈ గానీ వీబీఎస్ (స్క్రిప్ట్ ఫైలు) గానీ కనిపిస్తే మాత్రం అది వేషం.

షార్ట్‌కట్ సంగతి నిజంగానే వైరస్. అది చేసే పని చూడు: పిల్లవాడి 'ప్రాజెక్ట్' ఫోల్డర్‌ను దాచేసి, అదే పేరుతో, అదే ఫోల్డర్ బొమ్మతో ఒక షార్ట్‌కట్ పెడుతుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడి చూడు. మామూలు షార్ట్‌కట్ అయితే అక్కడ ఫోల్డర్ చిరునామా ఉంటుంది. ఇదైతే సీఎండీ డాట్ ఈఎక్స్‌ఈ అనో, డబ్ల్యూస్క్రిప్ట్ అనో, రన్‌డీఎల్ఎల్32 అనో మొదలై వెనక పెద్ద తోక ఉంటుంది. డబుల్ క్లిక్ చేసినవాడికి ఫోల్డర్ తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు, ఈలోగా వెనక వైరస్ కూడా నడిచిపోతుంది. నీ కంప్యూటర్‌కు అలాగే పట్టింది, ఇప్పుడు నీ దగ్గరికొచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌కూ అంటిస్తోంది. వైరస్‌కు కావాల్సింది నువ్వు క్లిక్ చేయడం, అందుకే అది ఎదురుగా నిలబడి, దాచేది మీ ఫైళ్లను. జనం సరిగ్గా దీనికి తలకిందులుగా, మసకగా ఉన్నవాటిని చూసి భయపడి, ముందు కనిపిస్తున్నదాన్ని నొక్కేస్తారు.

ముందు షాపు సిస్టమ్ బాగుచేసుకో, పెన్‌డ్రైవ్ తర్వాత. నెట్ ఉండగా డిఫెండర్‌ను అప్‌డేట్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఉంటుంది, అది పెట్టు. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి వైరస్‌కు దాక్కునే వీలు తక్కువ. ఆ తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా చూడు, నువ్వు పెట్టని స్క్రిప్ట్ ఏదైనా ఉంటే డిజేబుల్ చెయ్యి. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017లో మొదలైంది, దాని సైట్‌లో ఉచిత టూల్స్ ఉన్నాయి, పెన్‌డ్రైవ్‌ల కోసం యూఎస్‌బీ ప్రతిరోధ్ అనేది కూడా ఉంది, షాపువాళ్లకు పనికొస్తుంది.

ఇక పిల్లల ఫైళ్లు. అవి పోలేదు, దాక్కున్నాయి అంతే. సిస్టమ్ శుభ్రమైందని తేలాక పెన్‌డ్రైవ్ పెట్టి, దాని అక్షరం జీ అనుకుంటే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఏటీటీఆర్ఐబీ అని కొట్టి, ఖాళీ ఇస్తూ మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, స్లాష్ ఎస్, స్లాష్ డీ, చివర జీ కోలన్ వెనక్కి వాలిన గీత, నక్షత్రం డాట్ నక్షత్రం (ఎనిమిది అంకె మీద ఉండే గుర్తే నక్షత్రం) కొట్టు. ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లో. ఫోల్డర్లన్నీ బయటికొస్తాయి. రాకపోతే పేరే లేని ఫోల్డర్ ఒకటి ఉందేమో చూడు. కొన్ని వైరస్‌లు కంటికి కనిపించని ఖాళీ అక్షరాన్నే పేరుగా పెట్టి అందులోకి అన్నీ తోసేస్తాయి. వర్డ్, పీడీఎఫ్, ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని, షార్ట్‌కట్‌లు, ఈఎక్స్‌ఈలు, వీబీఎస్‌లు అన్నీ వదిలేసి పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చెయ్యి. ఫార్మాట్ అనేది ఇక్కడ కొట్టాలి, టీచర్ గారి కంప్యూటర్‌కు కాదు.

ఇంకో గుర్తు చెప్తా. పెన్‌డ్రైవ్‌లో 'రీసైక్లర్' అనే ఫోల్డర్ కనిపిస్తే నమ్మకు. అది ఎక్స్‌పీ రోజుల్లో హార్డ్‌డిస్కులో చెత్తబుట్ట పేరు, పెన్‌డ్రైవ్‌లో చెరిపినవి మామూలుగా బుట్టలోకి పోవు, నేరుగా పోతాయి. 2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ అనే వైరస్ పెన్‌డ్రైవ్‌లలో ఈ వేషంలోనే తిరిగింది. అసలు ఖాతా నంబరు ఎస్-1-5 అని మొదలైతే అది ఎస్-5-3-42 అని పెట్టుకుంది, ఎవరు చూస్తారులే అని. అప్పట్లో ఆటోరన్ ఫైలు వల్ల పెన్‌డ్రైవ్ పెడితే చాలు అంటుకునేది. విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ తీసేశారు, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకూ అప్‌డేట్ ఇచ్చారు. అప్పటినుంచి అవి ఇలా షార్ట్‌కట్‌ల మీద పడ్డాయి.

వ్యూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ ఎప్పుడూ పెట్టి ఉంచు. ఫోల్డర్ బొమ్మ వేసుకున్న ఈఎక్స్‌ఈ అప్పుడు దొరికిపోతుంది. షాపుకు మాత్రం, కుదిరితే, ఫైళ్లు మెయిల్‌లో పంపమని గోడ మీద కాగితం అంటించు. సగం గొడవలు అక్కడే ఆగుతాయి.

ప్రశ్న: ఆదోని నుంచి, డిగ్రీ విద్యార్థిని. మా క్లాస్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. సిస్టమ్32లో ఫలానా ఫైలు ఉంటే అది గూఢచారి వైరస్ అట, ఏ యాంటీవైరస్‌కూ దొరకదట, వెంటనే డిలీట్ చేసి పదిమందికి పంపమన్నారు. నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు ఉంది!

జవాబు: నీ ఒక్కదానికే కాదమ్మా, సిస్టమ్32 అంటే విండోస్ తన సొంత ఫైళ్లు పెట్టుకునే ఫోల్డర్, అందరి ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది, అదే ఆ మెసేజ్ కిటుకు. ఇది కొత్తదేం కాదు. 2001లో సల్ఫ్‌ఎన్‌బీకే అనే ఫైలు గురించి, 2002లో జేడీబీజీఎంజీఆర్ గురించి ఇలాంటి మెయిళ్లే తిరిగాయి. రెండూ అప్పటి విండోస్‌తో వచ్చిన మామూలు ఫైళ్లు. రెండోదాని ఐకాన్ ఎలుగుబంటి పిల్ల బొమ్మ, దాన్ని చూసి జనానికి అనుమానం ఇంకా గట్టిపడింది! వైరస్ లేకుండానే, మనుషుల చేతే ఫైళ్లు చెరిపించిన ఘనులు వాళ్లు. 'యాంటీవైరస్‌కు దొరకదు', 'పదిమందికి పంపండి' ఈ రెండూ ఒకే మెసేజ్‌లో ఉంటే ఇక చదవక్కర్లేదు.

ఏదైనా ఫైలు మీద నిజంగా అనుమానం ఉంటే వైరస్‌టోటల్ సైట్‌కు ఎక్కించు, గూగుల్‌వాళ్లదే, డెబ్బై దాకా యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది. అన్నింటిలో ఏ ఒకటో రెండో ఎర్రగా చూపితే చాలాసార్లు అది పొరపాటే, సగం ఎర్రబడితే ఆలోచించు. ఆధార్, మార్కుల మెమోల్లాంటివి మాత్రం అక్కడ ఎక్కించొద్దు, ఎక్కించిన ఫైళ్లు ఇతర కంపెనీలకూ అందుతాయి.

ప్రశ్న: కడపలో ఫొటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్ డిజైనర్ తిరిగిచ్చిన పెన్‌డ్రైవ్‌లో డీఎస్ స్టోర్ అని, ప్రతి ఫొటోకూ ముందు చుక్క, గీతతో ఇంకో ఫైలు ఉన్నాయి. ఆ జోడీ ఫైళ్లు తెరుచుకోవడం లేదు. ఫొటోలకు వైరస్ పట్టిందా?

జవాబు: లేదు, మీ డిజైనర్ మ్యాక్ వాడతారు. ఆ చుక్క ఫైళ్లు మ్యాక్ తన గుర్తుల కోసం రాసుకునేవి, మ్యాక్‌లో కనిపించవు, మన విండోస్‌లో బయటపడతాయి. అసలు ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, కొన్ని కేబీలే ఉన్న ఆ జోడీలను తీసేయండి.

ప్రశ్న: అనంతపురం నుంచి ఒక బ్యాంకు రిటైర్డ్ ఉద్యోగి. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎస్‌వీసీహోస్ట్ అనే పేరుతో డజన్లకొద్దీ నడుస్తున్నాయి. ఒకే పేరుతో అన్ని ఉండటం వైరస్ లక్షణమని విన్నాను.

జవాబు: పాత లెక్కలో విన్నారు సార్. విండోస్‌లో వెనక నడిచే సర్వీసులను మోసేది ఎస్‌వీసీహోస్ట్. ఇదివరకు ఒక్కోదాంట్లో చాలా సర్వీసులను కుక్కేవారు, ఒకటి కూలితే మిగతావీ కూలేవి. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, 3.5 జీబీకి మించి ర్యామ్ ఉన్న కంప్యూటర్లలో చాలా సర్వీసులను విడివిడిగా నడుపుతున్నారు. అందుకే అన్ని.

చూడాల్సింది ఎన్ని ఉన్నాయని కాదు, ఎక్కడి నుంచి నడుస్తున్నాయని. దాని మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కండి. సీ డ్రైవ్‌లో విండోస్, దాని లోపల సిస్టమ్32 తెరుచుకుంటే మీ కాఫీ మీరు తాగొచ్చు. స్పెల్లింగ్ కూడా చూడండి, వీ, సీ అక్షరాలు తారుమారై ఉంటే అది నకిలీ. టెంప్, యాప్‌డేటా, డౌన్‌లోడ్స్ లాంటి చోటు తెరుచుకున్నా నకిలీయే. అలాగైతే దాన్ని చేత్తో డిలీట్ చేయబోకండి, నెట్ వైరు తీసేసి, పైన జిరాక్స్ తమ్ముడికి చెప్పిన ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. బ్యాంకు పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్లో వాడి ఉంటే వాటిని వేరే ఫోన్ నుంచి మార్చేయండి, ఖాతాలో తెలియని కోత ఏదైనా కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.